పదకొండు పంక్తుల ఆధారము

వ్యాకరణము చదివిన విద్యార్థికి 'అనువృత్తి' అను మాట పరిచితమే. పాణిని సూత్రములయందు ఒక సూత్రములో చెప్పిన పదము, మరల చెప్పకయే, తరువాతి సూత్రములలోనికి వచ్చి అన్వయించును. సూత్రములు అంత చిన్నవిగా నుండుటకు ఇది ముఖ్యకారణము. కాని ఆ క్లుప్తతకు ఒక మూల్యమును కలదు. పై సూత్రమును తొలగించినచో, క్రింది సూత్రము ఒక్క అక్షరమైనను మారకయే అర్థము కోల్పోవును. ఏ సూత్రము దేనిపై ఆధారపడియున్నదో ఎరుగనివాడు సూత్రములను వల్లింపగలడే గాని ప్రయోగింపలేడు.

నేటి కంప్యూటరు ప్రోగ్రాముల స్థితియు ఇట్టిదే. చేతిలోని ఫోనునందు కనబడు ఒక చిన్న యాప్‌లో, దానిని తయారుచేసినవారు స్వయముగా వ్రాసిన భాగము తరచు స్వల్పముగానే యుండును. అక్షరములను తెరపై చూపుట, చిత్రములను విప్పుట, తేదీలను లెక్కించుట, రహస్యలిపిలో సమాచారము పంపుట మొదలైన పనులన్నియు ఇతరులు ఎన్నడో వ్రాసి లోకమునకు విడిచిన భాగములు చేయుచుండును. ఇట్టి సిద్ధభాగమునకు 'లైబ్రరీ' అని పేరు. ఒక ప్రోగ్రాము నడచుటకు అవసరమైన లైబ్రరీ దానికి 'డిపెండెన్సీ', అనగా ఆధారము. ఈ ఆధారములను తెచ్చుకొనుట, పొందించుట, కనిపెట్టియుండుట నేడొక ప్రత్యేకవిద్య యైనది. ఆ విద్యలో అశ్రద్ధ ఎంతటి అనర్థమునకు దారితీయునో గడచిన పదేండ్లలో లోకమునకు పలుమారులు తెలిసివచ్చినది.

ఉక్కు బీరువాలోని కాగితపు చుట్టలు

ఒకరు వ్రాసినదానిని మరియొకరు వాడుకొనుట కంప్యూటరుతో పాటే పుట్టినది. 1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 'ఎడ్సాక్' అను కంప్యూటరు తొలిసారి ప్రోగ్రామును నడిపెను. దాని నిర్మాతలకు మారిస్ విల్క్స్ నాయకుడు. ఆ యంత్రమునకు కూడికయు, తీసివేతయు, గుణకారమును తెలియునే గాని భాగహారము చేయు ఆజ్ఞ లేకుండెను. భాగహారము కావలసిన ప్రతివాడును దానికై ప్రోగ్రాము వ్రాసికొనవలసినదే. ఒకడు శ్రమపడి తప్పులు దిద్ది వ్రాసినదానిని అందరును మరల వ్రాయుట వ్యర్థమని అచటివారు గ్రహించిరి. భాగహారము, వర్గమూలము, త్రికోణమితి లెక్కలు మొదలైనవానికి వేరువేరుగా చిన్న ప్రోగ్రాములు వ్రాసి, వానిని రంధ్రములు చేసిన కాగితపు చుట్టలపై నెక్కించి, ఒక ఉక్కు బీరువాలో భద్రపరచిరి. అవసరమైనవాడు చుట్టను తీసి, దాని నకలును తన ప్రోగ్రాములో చేర్చుకొని, చుట్టను మరల యథాస్థానమున నుంచును. విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు 1951లో వెలువరించిన గ్రంథము ఈ పద్ధతిని వివరించినది.

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున జరిగిన సదస్సులో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు ఈ ఆలోచనను మరింత ముందునకు గొనిపోయెను. యంత్రపరిశ్రమలో మరలు, బోల్టులు పట్టికను చూచి ఎన్నుకొన వీలైనట్లే, సాఫ్టువేరు భాగములును రకరకములుగా తయారై, కావలసినవానికి కావలసిన పరిమాణములో దొరకవలెనని అతని వాదము. ఆనాడది కేవలము కోరికయే. ఇంటర్నెట్టు వ్యాపించిన పిమ్మట అది కన్నులయెదుట నిలిచినది. 1993లో స్వచ్ఛంద కార్యకర్తలచే ఆరంభమైన డెబియన్ అను ఉచిత వ్యవస్థ, 1995లో పెర్ల్ భాషవారి సీపాన్, 2003లో పైథాన్ భాషవారి పైపీఐ, 2010లో జావాస్క్రిప్టు భాషవారి ఎన్‌పీఎమ్ వరుసగా వచ్చినవి. వీనిని 'రిపాజిటరీలు' అందురు. ప్యాకేజీల భాండాగారములని చెప్పుకొనవచ్చును. 2023లో విడుదలయైన డెబియన్ 12వ సంచికలో 64,000కు పైగా ప్యాకేజీలు గలవు. ఎన్‌పీఎమ్‌లో నున్నవి ఇరువది లక్షలకు మించినవి. ఉక్కు బీరువా నేడు ఇంతటి భాండాగారమైనది.

బంధువుల వెంట బంధువులు

భాండాగారములో ప్రతి ప్యాకేజీకిని మూడు వివరములు ముఖ్యములు. ఒకటి పేరు, రెండవది వెర్షను సంఖ్య, మూడవది తన కవసరమైన ఇతర ప్యాకేజీల పట్టిక. వినియోగించువాడు ఒక్క ప్యాకేజీని కోరినచో, 'ప్యాకేజీ మేనేజరు' అను ప్రోగ్రాము దాని పట్టికను చదివి అందులోనివానిని తెచ్చును. వాని పట్టికలను చదివి వాని ఆధారములను తెచ్చును. పెండ్లికి ఒకరిని పిలిచినచో వారి వెంట బంధువులును, ఆ బంధువుల వెంట వారి బంధువులును దిగినట్లు, ఒక్కదానిని కోరినవాని యింట వందలకొలది ప్యాకేజీలు చేరును. గృహస్థు ఎరిగినది మొదటి అతిథిని మాత్రమే.

చిక్కు ఇచటనే ఆరంభమగును. 'అ' అను ప్యాకేజీకి 'క' యొక్క మొదటి వెర్షను కావలెను. 'ఇ' అను ప్యాకేజీకి అదే 'క' యొక్క రెండవ వెర్షను కావలెను. పెక్కు వ్యవస్థలలో ఒకేచోట రెండును ఇముడవు. అప్పుడు 'అ' గాని 'ఇ' గాని వేరొక వెర్షనులో దొరకునేమో వెదకవలెను. అది మరియొకదానితో పొసగదు. వేలకొలది ప్యాకేజీల నడుమ అన్నిటికిని సరిపడు కూర్పును కనుగొనుట గణితశాస్త్రమున మిక్కిలి కఠినములని పేరొందిన సమస్యల కోవకు చేరినది. ప్రోగ్రామర్లు విసుగుతో దీనికి 'డిపెండెన్సీ నరకము' అని పేరిడిరి.

పదకొండు పంక్తులు

2016 మార్చి 22వ తేదీన ఈ విషయము ప్రోగ్రామర్ల లోకమును దాటి పత్రికల కెక్కెను. ఒక ప్రోగ్రామరు ఎన్‌పీఎమ్‌లో నుంచిన తన ప్యాకేజీకి 'కిక్' అని పేరు పెట్టియుండెను. అదే పేరుగల కెనడా దేశపు కంపెనీ యొకటి ఆ పేరు తమకు కావలెననెను. ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి, తుదకు భాండాగారము పేరును కంపెనీకి ఇప్పించెను. ప్రోగ్రామరు మనసు విరిగి, తాను అందుంచిన 273 ప్యాకేజీలను ఒక్కసారిగా తొలగించెను. వానిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనునది ఒకటి.

దాని పని అతిస్వల్పము. ఒక మాటను గాని సంఖ్యను గాని కోరినంత పొడవు వచ్చువరకు ఎడమవైపున ఖాళీలతోనో సున్నలతోనో నింపుట. హాజరుపట్టీలో 7 అను సంఖ్యను 007 అని వ్రాయుట వంటిది. మొత్తము పదకొండు పంక్తులు. ఆసక్తిగల ఉన్నతపాఠశాల విద్యార్థి వ్రాయదగినది. కాని దానిపై వేరొక ప్యాకేజీ ఆధారపడెను. దానిపై మరియొకటి. ఈ విధముగా పైకి పోగా పోగా 'బేబెల్' వంటి ప్రసిద్ధమైన పనిముట్లు వచ్చును. లెఫ్ట్‌ప్యాడ్ మాయమైన నిమిషములలోనే పెక్కు దేశములలోని కంపెనీలలో ప్రోగ్రాముల కూర్పు నిలిచిపోయెను. ఆగిపోయినవారిలో అనేకులకు లెఫ్ట్‌ప్యాడ్ అను పేరే తెలియదు.

మరియొక ప్రోగ్రామరు వెంటనే అదే పనిచేయు ప్యాకేజీని అదే పేరుతో 1.0.0 అను వెర్షనుగా ఉంచెను. అయినను ఆటంకము తీరలేదు. నడుమనున్న ప్యాకేజీలలో కొన్ని ప్రత్యేకముగా 0.0.3 అను వెర్షనునే కోరుచుండెను. తుదకు భాండాగారమువారు, రచయిత తొలగించినదానిని తామే మరల నిలుపవలసివచ్చెను. సుమారు రెండున్నర గంటలలో అంతయు చక్కబడెను. పిమ్మట వారు నియమములను మార్చి, ఒక ప్యాకేజీపై ఇతరులు ఆధారపడినప్పుడు దానిని రచయిత ఇచ్చవచ్చినట్లు తీసివేయుటకు వీలులేకుండ కట్టుబాటు చేసిరి. అరువిచ్చినవాడు ఎప్పుడైనను తన వస్తువును తీసికొనిపోవచ్చునన్న సామాన్యమైన ఎరుక కలుగుటకు లోకమునకు ఇంత గొడవ కావలసివచ్చెను.

పాఠాంతరములు, ప్రతులు

0.0.3 అను సంఖ్యలో ఒక సంప్రదాయము దాగియున్నది. వెర్షను సంఖ్యకు సాధారణముగా మూడు భాగము లుండును. తప్పు దిద్దినప్పుడు చివరి సంఖ్య పెరుగును. పాతవానికి భంగము లేకుండ క్రొత్త సౌకర్యము చేర్చినప్పుడు నడిమి సంఖ్య పెరుగును. పాత వాడుక చెల్లకుండునట్లు మార్పు చేసినప్పుడు మొదటి సంఖ్య పెరుగును. ఈ సంఖ్యలు రచయిత చేయు వాగ్దానము వంటివి. వాగ్దానమును తెలిసి తప్పువారును ఉందురు, తెలియక తప్పువారును ఉందురు.

అందుచేత అనుభవజ్ఞులు వాగ్దానమును మాత్రమే నమ్మక, 'లాక్ ఫైలు' అను పట్టికను వ్రాసికొందురు. ఏ ప్యాకేజీ, ఏ వెర్షను, ఎచటినుండి వచ్చినది, దాని 'హాష్' ఎంత అను వివరము లందుండును. హాష్ అనగా ఫైలునకు గణితము వేయు వ్రేలిముద్ర. ఫైలులో ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. రేపు వేరొక ఊరిలో వేరొక కంప్యూటరుపై కూర్చినను ఈ పట్టికను బట్టి అవే ప్యాకేజీలు వచ్చును.

తెలుగు సాహిత్యము చదివినవారికి ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులను సేకరించి పండితులచే సరిపోల్పించెను. మంచి పరిష్కర్త తాను ఏయే ప్రతులను చూచెనో, పాఠాంతరము లెచ్చట నున్నవో పేర్కొనును. ప్రతి యేదో చెప్పని ముద్రణము ఎంత అందముగా నున్నను పండితులకు నమ్మదగినది కాదు. లాక్ ఫైలు లేని ప్రోగ్రామును గూర్చి ప్రోగ్రామర్ల అభిప్రాయమును అట్టిదే.

తెలుగక్షరము చెప్పిన పాఠము

ఒకే ఆధారముపై అందరును నిలుచుటలో కీడేమో మేలేమో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగక్షరమే లోకమునకు చూపెను. 'జ్ఞా' అను అక్షరమును ఒక విశేషమైన వరుసలో, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో, ఐఫోనునకు పంపినచో దానిని చూపబోయిన యాప్ కూలిపోవుచుండెను. ఇంగ్లండులోనివాడు పంపినను, అమెరికాలోనివాడు తెరచినను అదే గతి. ఇంగ్లీషు పత్రికలలో తెలుగు పేరు ఆ దినములలో వినబడినంతగా సాధారణముగా వినబడదు.

దోషము తెలుగుది కాదు. సందేశములు పంపు యాప్‌లదియు కాదు. అక్షరములను తెరపై పేర్చుటకు ఆపిల్ కంపెనీ వ్రాసిన 'కోర్‌టెక్స్ట్' అను లైబ్రరీలోనిది. ఒత్తులు, గుణింతములు గల లిపులలో అక్షరములు ఒకదానిలో నొకటి కలిసి రూపము మార్చుకొనును. ఆ కూర్పును యాప్‌లు స్వయముగా చేయవు. క్రిందనున్న లైబ్రరీకి అప్పగించును. అది తడబడగా పైనున్నవన్నియు తడబడెను. అయితే చికిత్సయు ఒకేచోట జరిగెను. ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీ ఐఓఎస్ 11.2.6 అను సంచికను విడుదల చేయగా, యాప్‌లను వ్రాసినవారు ఒక్క పంక్తియైనను మార్చకయే అన్నియు బాగుపడినవి. ఎవరికి వారు అక్షరములు పేర్చు ప్రోగ్రాము వ్రాసికొనియున్నచో దోషములును వేలు, దిద్దుబాటులును వేలు అయియుండెడివి.

ఆండ్రాయిడ్ ఫోనులలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ మొదలైన ప్రోగ్రాములలోను ఇదే పనిని 'హార్ఫ్‌బజ్' అను ఉచిత లైబ్రరీ చేయుచున్నది. ఫోనులో తెలుగు పత్రిక చదువు లక్షలాది మందిలో దాని పేరు విన్నవారు అరుదు. కావున ఇతరులపై ఆధారపడుట దోషము కాదు. ఎవరిపై ఆధారపడితిమో ఎరుగకుండుట దోషము.

ఎవరింట నున్నదో తెలియని నిప్పు

ఎరుగకుండుటవలని కష్టము 2021 డిసెంబరులో బయటపడెను. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములు తమ దినచర్యను వ్రాసికొనుటకు వాడు 'లాగ్4జె' అను ఉచిత లైబ్రరీలో ఘోరమైన లోపము వెల్లడియయ్యెను. దుష్టుడు ఒక చిన్న వాక్యమును పంపి, ఆ వాక్యము దినచర్యలో చేరునట్లు చేసినచో చాలును. దూరమునుండియే ఆ కంప్యూటరును వశము చేసికొనవచ్చును. తీవ్రతను కొలుచు పది అంకెల మానములో దానికి పదియు ఇచ్చిరి. లైబ్రరీని నడపు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబగళ్లు శ్రమించి దిద్దుబాటును విడుదల చేసిరి. కాని ప్రభుత్వశాఖలు, బ్యాంకులు, కంపెనీలు ఎదుర్కొన్న తొలి ప్రశ్న 'దీనిని ఎట్లు దిద్దవలెను' అనునది కాదు. 'ఇది మనయొద్ద ఎక్కడెక్కడ నున్నది' అనునది. బంధువుల వెంట వచ్చిన బంధువుల పట్టిక పెక్కుమంది వద్ద లేదు.

అట్టి పట్టికకు 'సాఫ్టువేరు సామగ్రి పట్టిక' అని పేరు పెట్టవచ్చును. మందుసీసాపై ద్రవ్యముల పేర్లున్నట్లు, ప్రోగ్రాములో నేయే భాగములు గలవో అందుండును. ప్రభుత్వమునకు సాఫ్టువేరు అమ్మువారు దీని నీయవలెనను దిశగా అమెరికా అధ్యక్షుడు 2021 మే నెలలోనే ఉత్తరువు వెలువరించియుండెను. మన దేశమున సెర్ట్‌ఇన్ సంస్థ 2024 అక్టోబరులో ఇట్టి పట్టికలపై మార్గదర్శక సూత్రములను ప్రకటించెను.

అర్ధసెకను ఆలస్యము

పట్టిక యున్నను తీరని సమస్య యొకటి కలదు. ప్రతి ప్యాకేజీ వెనుకను ఒక మనిషి ఉండును. 'ఎక్స్‌జెడ్' అనునది ఫైలులను కుదించు లైబ్రరీ. ఫిన్లండు దేశీయుడైన ఒక ప్రోగ్రామరు దానిని పెక్కేండ్లుగా జీతము లేకయే పోషించుచుండెను. లోకమందలి లినక్స్ కంప్యూటర్లలో అది చేరియున్నది. 2021 నుండి 'జియా టాన్' అను పేరుతో ఒకరు దానికి సాయము చేయసాగిరి. 2022లో వేరువేరు పేర్లతో కొందరు, పని మందగించినదని, బాధ్యతను మరియొకరికి అప్పగింపుమని ఆ పోషకుని ఒత్తిడిచేసిరి. ఇది వేతనము లేక చేయు పనియని ఆయన వారికి గుర్తుచేయవలసివచ్చెను. క్రమముగా జియా టాన్ విశ్వాసము సంపాదించి సహపోషకుడయ్యెను. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షనులలో దొంగదారి యొకటి ఇమిడ్చబడెను.

ఆ దొంగదారి గురి కుదింపు కాదు. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు వాడు 'ఎస్‌ఎస్‌హెచ్' అను ద్వారము. ఆ ద్వారమునకు కుదింపు లైబ్రరీతో ప్రత్యక్షసంబంధము లేదు. కొన్ని లినక్స్ సంచికలలో మరియొక లైబ్రరీ మధ్యవర్తిగా రెండింటిని కలిపినది. ఆ సందులోనుండియే శత్రువు దూరెను.

దానిని పట్టినవాడు యాండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. అతడు వేరొక పనిపై పరీక్షలు చేయుచు, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశమునకు మునుపటికంటె అర్ధసెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించెను. పోనిమ్మని విడువక, కారణమును త్రవ్వుచు పోయి దొంగదారిని కనుగొని, 2024 మార్చి 29వ తేదీన ప్రకటించెను. అప్పటికి ఆ వెర్షనులు పరీక్షాదశలోని సంచికలలో చేరినవే గాని, డెబియన్ వంటివారి స్థిరసంచికకు చేరలేదు. అర్ధసెకను లెక్కచేయని మనిషి అచట కూర్చుండియున్నచో ఏమగునో ఊహింపవచ్చును. జియా టాన్ ఎవరో నేటికిని రూఢిగా తెలియరాలేదు.

ఈ కథలో సాంకేతికమైన పాఠము కొంత, మానవధర్మము కొంత కలదు. లక్షలాది కంప్యూటర్లు ఆధారపడిన భారమును ఒంటరిగా మోయుచున్నవానికి, ఆ కంప్యూటర్లతో లాభము గడించువారు తోడ్పడియుండినచో, దొంగసహాయమునకు అంత అవకాశము దొరకెడిది కాదు. ఊరందరు నీరు త్రాగు చెరువుగట్టును ఒక్కనికి వదలివేసి, గండిపడినప్పుడు వానిని నిందించుట న్యాయము కాదు.

విద్యార్థికి చేయదగినది

నేడు పాఠశాలలలోనే పైథాన్ మొదలైన భాషలు నేర్పుచున్నారు. విద్యార్థి ఒక్క పంక్తి టైపు చేసినంతనే భాండాగారమునుండి ప్యాకేజీలు పరువెత్తి వచ్చును. ఆ సౌలభ్యమును చూచి ఉపాధ్యాయులు భయపడనక్కరలేదు. కాని ఆ నిమిషముననే కొన్ని ప్రశ్నలు వేయుట నేర్పవలెను. ఈ పనికి ప్యాకేజీ నిజముగా అవసరమా, పదకొండు పంక్తులు మనమే వ్రాసికొనవచ్చునా? పేరును సరిగా టైపు చేసితిమా? పేరొందిన ప్యాకేజీని పోలిన దొంగపేర్లతో వలపన్నువారు కలరు. దానిని పోషించువారు ఎవరు? ఎంతకాలము క్రితము దిద్దిరి? ఏ షరతులపై వాడుకొననిచ్చిరి? ఏ వెర్షనును తెచ్చుకొంటిమో వ్రాసికొంటిమా? దానివెంట ఇంకేమేమి వచ్చినవి? ప్రాజెక్టు పుస్తకము చివర ఈ పట్టిక లేనిదే మార్కులు పూర్తిగా వేయకుండుట మంచి అలవాటు.

దోషము కనబడినప్పుడు రచయితకు మర్యాదగా, వివరముగా తెలుపుటయు, ఉపయోగవివరణలో లోపమున్నచో దిద్ది పంపుటయు విద్యార్థులు సైతము చేయగల ఉపకారములు. తెలుగులో వివరణలు లేని ప్యాకేజీలు కొల్లలు. భాష తెలిసిన బాలబాలికలకు అచట కావలసినంత పని కలదు.

మన కావ్యములలో కవి కథారంభమునకు ముందు పూర్వకవిస్తుతి చేయును. తాను శూన్యమునుండి పుట్టలేదనియు, తనకు మాటయు ఛందమును ఇచ్చినవారు కలరనియు చెప్పుకొనుటలో కవికి చిన్నతనము లేదు. అవతారికలో అందుకు చోటు ప్రత్యేకముగా నున్నది. ప్రోగ్రాముతో పాటు వ్రాయు ఆధారముల పట్టికయు అట్టిదే. దానిని యంత్రము తన అవసరమునకు చదువును. మనిషి కృతజ్ఞతతోను, జాగ్రత్తతోను చదువవలెను.